రోడ్ సైకిల్ కట్టుకోవాలంటే ముందు షిఫ్టర్ తేల్చుకోండి

ఫ్రేమ్ ఒకచోట, క్రాంక్ (పెడళ్లు బిగించే చేయి) ఇంకోచోట, డీరైలర్ (చైనుని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపేది) ఎవరో వాడింది తక్కువకి వస్తే అక్కడ. ఇలా ఒక్కో భాగం పోగేసి రోడ్ సైకిల్ కట్టుకునేవాళ్లకి తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. విడిగా చూస్తే అన్నీ మంచి భాగాలే. బిగించాక మాత్రం మొదటి రెండు గేర్లు బాగానే పడతాయి, మూడోది గరగరలాడుతుంది, నాలుగో క్లిక్‌కి చైను పడాల్సిన పళ్లచక్రం దాటి పక్కదాని మీదికి దూకుతుంది. మెకానిక్ ఎంతసేపు వైరు బిగించి వదులు చేసినా బాగుపడదు. తప్పు సర్దుబాటులో లేదు. ఒకదానికొకటి పొసగని భాగాలు కొనడంలో ఉంది.

1990లో సైకిల్ భాగాల కంపెనీ షిమానో తన డ్యూరా-ఏస్ సెట్‌తో ఎస్‌టీఐ లీవర్ తెచ్చి బ్రేకునీ గేరునీ ఒకే పిడిలో పెట్టింది. 1992లో మరో కంపెనీ కంపాన్యోలో నుంచి ఎర్గోపవర్ అనే అలాంటి లీవరే వచ్చింది. అంతకుముందు గేరు లీవర్లు ఫ్రేమ్ గొట్టం మీద, బ్రేకు లీవర్లు హ్యాండిల్ మీద ఉండేవి కాబట్టి ఒకటి మార్చినా రెండోదాని జోలికి పోవాల్సిన పని లేదు. ఇప్పుడు ఆ పిడి, అంటే షిఫ్టర్, కొన్నామంటే వెనక ఎన్ని గేర్లు, డీరైలర్ ఏది, బ్రేకు ఏ రకం, అందులో ఏ నూనె, చైను ఎంత వెడల్పు అన్నీ ఒక్కసారే తేలిపోతాయి. పైగా గ్రూప్‌సెట్‌లో, అంటే గేరు, బ్రేకు భాగాల మొత్తం సెట్‌లో, ఎక్కువ ఖరీదు పలికేవాటిలో లీవర్ల జత ఒకటి. అందుకే లెక్క అక్కడే మొదలవ్వాలి.

ఒక్క క్లిక్‌కి వైరు ఎంత కదులుతుంది

మెకానికల్ షిఫ్టర్ చేసే పని ఒక్కటే: క్లిక్‌కి ఇంత అని వైరుని లాగడం. డీరైలర్ ఆ కదలికని ఒక నిష్పత్తిలో పెంచి చైనుని పక్కకి జరుపుతుంది. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చే అంకె, క్యాసెట్‌లో (వెనక ఉండే పళ్లచక్రాల గుత్తి) పక్కపక్క చక్రాల మధ్య దూరానికి సరిపోవాలి. పొసగడం, పొసగకపోవడం అంతా ఈ గుణకారంలోనే ఉంది.

షిమానో పాత 10 స్పీడ్ (వెనక 10 గేర్లు) రోడ్ లీవర్ క్లిక్‌కి సుమారు 2.3 మి.మీ. లాగుతుంది, దాని డీరైలర్ నిష్పత్తి 1.7. గుణిస్తే 3.9. 10 స్పీడ్ క్యాసెట్‌లో చక్రాల మధ్య దూరం 3.95 మి.మీ. కాబట్టి కుదిరింది. 11 స్పీడ్‌కి వచ్చేసరికి లీవర్ 2.7 లాగుతుంది, డీరైలర్ 1.4 రెట్లు చేస్తుంది. లబ్ధం 3.8, చక్రాల మధ్య దూరం దాదాపు 3.7. ఇదీ కుదిరింది.

ఇప్పుడు 11 స్పీడ్ లీవర్‌కి పాత 10 స్పీడ్ డీరైలర్ తగిలించి చూడండి. 2.7ని 1.7తో గుణిస్తే 4.6. అంటే ప్రతి క్లిక్‌కీ దాదాపు 0.9 మి.మీ. ఎక్కువ. మొదటి క్లిక్‌లో ఆ తేడా చైను సర్దుకుపోతుంది. నాలుగో క్లిక్‌కి అది 3.5 మి.మీ. దాటుతుంది, అంటే దాదాపు ఒక చక్రం వెడల్పు. మొదట్లో చెప్పిన ఆ దూకుడికి కారణం ఇదే. తిరగేసి, పాత 10 స్పీడ్ లీవర్‌కి 11 స్పీడ్ డీరైలర్ పెడితే 2.3ని 1.4తో గుణించి 3.2 వస్తుంది. ఈసారి చైను చేరాల్సిన చోటికి చేరదు.

ఎక్కువమంది పొరపడేది టియాగ్రా 4700 దగ్గర. అదీ 10 స్పీడే. కానీ షిమానో దాన్ని కొత్త పద్ధతిలో చేసింది: లీవర్ 2.8, డీరైలర్ 1.4. పాత టియాగ్రా 4600 డీరైలర్‌కి 4700 లీవర్ పెడితే రెండిటి మీదా 10 స్పీడ్ అనే రాసి ఉంటుంది, అయినా పనిచేయదు. స్పీడ్‌ల సంఖ్య చూసి కొనొద్దు, మోడల్ నంబరు చూసి కొనండి అనేది ఇందుకే.

మరో కంపెనీ స్రామ్ 10, 11 స్పీడ్ రోడ్ లీవర్లు 3.1 మి.మీ. లాగితే డీరైలర్ 1.3 రెట్లు చేస్తుంది. షిమానోతో నేరుగా కలపడానికి దారి లేదు. మౌంటెన్ బైక్ డీరైలర్ పెట్టి వెనక పెద్ద క్యాసెట్ వాడుకుందామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. షిమానో 9 స్పీడ్ మౌంటెన్ డీరైలర్ వరకు నిష్పత్తి 1.7 కాబట్టి పాత రోడ్ లీవర్లతో అది బాగానే నడిచేది. 10 స్పీడ్ నుంచి మౌంటెన్ నిష్పత్తి 1.2కి మారిపోయింది, ఆ దారి మూసుకుపోయింది. మౌంటెన్ షిఫ్టర్ తెచ్చి రోడ్ హ్యాండిల్‌కి బిగించడమూ కుదరదు. వంపు హ్యాండిల్ గొట్టం లీవర్ పట్టే చోట సుమారు 24 మి.మీ. లావు, తిన్నని హ్యాండిల్‌ది 22.2.

షిమానో 2023లో తెచ్చిన క్యూస్ కుటుంబం మరో దారి. షిమానో పాత సెట్లు క్లారిస్, సోరా, టియాగ్రాల స్థానం కోసం తెచ్చింది ఇదే, 2025లో వంపు హ్యాండిల్ లీవర్లు కూడా చేరాయి. ఇందులో 9, 10, 11 స్పీడ్ మూడింటికీ చక్రాల మధ్య దూరం ఒకటే, వైరు లాగుడు ఒకటే, చైను 11 స్పీడ్‌దే. రేపు 9 నుంచి 11కి వెళ్లాలంటే అన్నీ మార్చక్కర్లేదు. కానీ పాత క్యాసెట్లు, పాత లీవర్లు దీనితో కలవవు. కొంటే మొత్తం క్యూస్ కొనాలి.

ఘాట్ రోడ్డు మీద లెక్క

లీవర్ ఎన్ని స్పీడ్‌లది కావాలన్నది మీరు ఎక్కే దారిని బట్టి ఉంటుంది. ఊరి బయట చదును రోడ్ల మీద తొక్కేవాళ్లకి 8 స్పీడ్ కూడా చాలు. అరకు ఘాట్, హార్స్‌లీ హిల్స్, నంది హిల్స్ లాంటివి ఎక్కాలంటే మాత్రం చూడాల్సింది గేర్ల సంఖ్య కాదు, అన్నిటికన్నా తేలిక గేరు ఎంత తేలిక అన్నది.

మనిషి 70 కిలోలు, సైకిలూ నీళ్ల సీసాలూ కలిపి 10 కిలోలు అనుకుందాం. వాలు 8 శాతం. టైరు 28 మి.మీ. దైతే చక్రం ఒక చుట్టుకి 2.136 మీటర్లు పోతుంది. ముందు 34 పళ్లు, వెనక 28 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం 1.21 చుట్లు తిరుగుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే వేగం గంటకి 9.3 కి.మీ. ఆ వాలు మీద ఆ వేగం నిలబెట్టడానికి కాళ్లు సుమారు 175 వాట్లు ఇవ్వాలి. వెనక 34 పళ్లు ఉంటే అదే 60 చుట్లకి వేగం 7.7 కి.మీ.కి తగ్గి, 145 వాట్లు సరిపోతాయి. పోటీ సైకిళ్ల తరహాలో ముందు 52-36 పళ్లు, వెనక 11-28 పళ్లు పెట్టించుకుంటే అదే వాలుకి 190 వాట్ల దాకా కావాలి.

అరగంట, ముప్పావుగంట ఆపకుండా 175 వాట్లు ఇవ్వడం రోజూ సాధన చేసేవాళ్లకి సాధ్యమే. ఆదివారం మాత్రమే తొక్కేవాళ్లకి కాదు. వాళ్లు నిమిషానికి 45 చుట్లకి పడిపోయి, భారమంతా మోకాళ్ల మీద వేసి ఎక్కుతారు. అందుకే కొండలు ఎక్కాలనుకునే మామూలు సైక్లిస్టుకి ముందు 50-34, వెనక 11-34 అనే జత ఖాయం చేసుకోమనడానికి మాకు ఏ సందేహమూ లేదు. దీనివల్ల పైవేగం పోతుందన్న భయం అక్కర్లేదు. ముందు 50, వెనక 11 పళ్ల గేరులో 90 చుట్లు తొక్కితే గంటకి 52 కి.మీ. వస్తుంది.

ఇక ఆ జతని డీరైలర్ మోయగలదా అన్నది చూడాలి. దీనికి రెండు హద్దులున్నాయి. ఒకటి, వెనక అతిపెద్ద పళ్లచక్రం. రెండోది మొత్తం కెపాసిటీ, అంటే ముందు చక్రాల తేడాకి వెనక చక్రాల తేడా కలిపితే వచ్చేది. 50-34కి తేడా 16, 11-34కి తేడా 23, కలిపితే 39. షిమానో 105 ఆర్7000 డీరైలర్‌లో పొడవు పంజరం (డీరైలర్ కింద చైనుని బిగువుగా పట్టే భాగం) ఉన్న జీఎస్ రకానికి హద్దు సరిగ్గా 39, పెద్ద చక్రం 34. పొట్టి పంజరం ఉన్న ఎస్ఎస్ రకానికి 35, పెద్ద చక్రం 30. ఆన్‌లైన్‌లో రెండూ ‘105 డీరైలర్’ అనే పేరుతోనే దొరుకుతాయి. జీఎస్ అన్న రెండక్షరాలు చూడకుండా ఆర్డర్ పెడితే 11-34 క్యాసెట్ మీద అది పనికిరాదు.

హద్దు దాటిస్తే ఏమవుతుంది? చైను పొడవుగా ఉంచితే ముందూ వెనకా చిన్న చక్రం మీదున్న చిన్న-చిన్న గేరులో వేలాడి ఫ్రేమ్‌కి కొట్టుకుంటుంది. పొట్టిగా కోస్తే, ఎప్పుడో మర్చిపోయి పెద్ద-పెద్ద గేరు వేసినప్పుడు చైను బిగుసుకుపోయి డీరైలర్‌ని హ్యాంగర్‌తో (దాన్ని ఫ్రేమ్‌కి పట్టే ముక్క) సహా పీకేస్తుంది. మొదటిది చిరాకు. రెండోది సైకిల్‌కీ మనిషికీ కూడా ప్రమాదం.

బ్రేకు ఏదన్నది లీవరే చెబుతుంది

రిమ్ బ్రేకా, వైరుతో నడిచే డిస్కా, నూనెతో నడిచే హైడ్రాలిక్ డిస్కా అన్నది ఫ్రేమ్ కొన్నప్పుడే సగం తేలిపోతుంది. ఫ్రేమ్‌కి ఫ్లాట్ మౌంట్ లాంటి, డిస్క్ బ్రేకు బిగించే రంధ్రాలుంటే డిస్క్, లేకపోతే రిమ్. మిగతా సగం లీవర్ తేలుస్తుంది. హైడ్రాలిక్ లీవర్‌లో నూనె తొట్టి ఉంటుంది కాబట్టి దాన్ని వైరు బ్రేకుకి వాడలేం. పాత క్లారిస్, సోరా సెట్లలో హైడ్రాలిక్ లీవర్ లేదు. షిమానోలో హైడ్రాలిక్ కావాలంటే టియాగ్రా 4720 లీవర్ నుంచి పైకి, లేదా క్యూస్‌కి వెళ్లాలి.

వైరు డిస్క్ ఎంచుకుంటే కాలిపర్ (ప్యాడ్లని డిస్క్ మీద నొక్కే భాగం) రోడ్ రకమో మౌంటెన్ రకమో చూసుకోండి. ఆవిడ్ బీబీ7 లాంటి పేరున్న కాలిపర్‌లో రెండు రకాలూ ఉన్నాయి. రోడ్ లీవర్ వైరుని తక్కువ లాగుతుంది. దానికి మౌంటెన్ కాలిపర్ పెడితే లీవర్ హ్యాండిల్‌ని తాకేదాకా నొక్కినా ప్యాడ్లు సరిగా పట్టవు.

హైడ్రాలిక్‌లో షిమానో మినరల్ ఆయిల్ వాడుతుంది, స్రామ్ రోడ్ బ్రేకులు డీఓటీ 5.1 అనే ద్రవం వాడతాయి. ఒకదానిలో ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ఆ లీవర్, కాలిపర్ ఇక పనికిరావు. డీఓటీ గాలిలోని తేమని పీల్చుకుంటుంది కాబట్టి వర్షాలున్న చోట ఏడాదికోసారి మార్చడం మంచిది. ఒలికితే ఫ్రేమ్ పెయింటునీ తినేస్తుంది.

హోస్ (నూనె గొట్టం) కోయకముందే, ముందు చక్రం బ్రేకు ఏ చేతికి కావాలో నిర్ణయించుకోండి. మన దగ్గర మామూలుగా కుడి చేతికి ముందు బ్రేకు ఉంటుంది. అమెరికాలో, ఐరోపా ఖండంలో ఎడమ చేతికి. విదేశం నుంచి నూనె నింపి వచ్చిన జతల్లో పొడవు హోస్ కుడి లీవర్‌కి ఉంటుంది. అలవాటైన చేతికి మార్చాలంటే మళ్లీ గాలి తీసి నూనె నింపాల్సిందే. అలవాటు లేని చేత్తో కంగారులో ముందు చక్రం లాక్ చేసుకున్నవాళ్లు కిందపడతారు. ఈ పనికి బద్ధకించొద్దు.

ఫ్రేమ్ పెట్టే షరతులు

బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు తిరిగే చోటు) దగ్గర సమస్య రాకూడదంటే మరలున్న బీఎస్‌ఏ ఫ్రేమ్ ఎంచుకోండి. అక్కడి గొట్టం, అంటే షెల్, వెడల్పు 68 మి.మీ. ఉంటుంది. షిమానో 24 మి.మీ. ఇరుసైనా, స్రామ్ డబ్ ఇరుసైనా దానికి సరిపడే కప్పులు (బేరింగులుండేవి) దొరుకుతాయి. చైను వైపు కప్పుది ఎడమ మర, అంటే అపసవ్యంగా తిప్పితే బిగుస్తుంది. ఇది తెలియక బలంగా తిప్పి మరలు చెడగొట్టిన ఫ్రేమ్‌లు ఉన్నాయి. నొక్కి దించే ప్రెస్‌ఫిట్ రకాలైతే షెల్ లోపలి వ్యాసం కొలిచాకే కప్పులు కొనాలి. అక్కడ పదో వంతు మిల్లీమీటరు తేడా వచ్చినా కిర్రుమనే శబ్దం వదలదు.

వెనక చక్రం ఫ్రీహబ్ (క్యాసెట్ ఎక్కే భాగం) కూడా చూడాలి. షిమానో 11 స్పీడ్ రోడ్ ఫ్రీహబ్ పాతదానికన్నా 1.85 మి.మీ. పొడవు. అందుకే దాని మీద 10 స్పీడ్ క్యాసెట్ పెట్టాలంటే 1.85 మి.మీ. వాషర్ కావాలి. షిమానో 11 స్పీడ్ 11-34 క్యాసెట్‌కీ అదే వాషర్ కావాలి, ఎందుకంటే అది పాత పొడవుకి చేసింది. వాషర్ మర్చిపోతే లాక్‌రింగ్ (క్యాసెట్‌ని పట్టి ఉంచే రింగు) పూర్తిగా బిగించినా క్యాసెట్ గలగలమంటుంది. 105 12 స్పీడ్ క్యాసెట్ 11 స్పీడ్ ఫ్రీహబ్ మీద నేరుగా కూర్చుంటుంది, కాబట్టి ఉన్న చక్రాలు పారేయక్కర్లేదు. స్రామ్ 12 స్పీడ్‌లో 10 పళ్లతో మొదలయ్యే క్యాసెట్లకి మాత్రం ఎక్స్‌డీఆర్ అనే రకం ఫ్రీహబ్ తప్పనిసరి.

వాడిన క్రాంక్ కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. 2019 జులైకి ముందు తయారైన షిమానో 11 స్పీడ్ అల్టెగ్రా, డ్యూరా-ఏస్ క్రాంకుల్లో అతికించిన రెండు ముక్కలు విడిపోయే అవకాశం ఉందని 2023లో కంపెనీయే తనిఖీ కార్యక్రమం ప్రకటించింది. క్రాంక్ చేతి లోపలి వైపున్న రెండక్షరాల తయారీ కోడ్ చూసి, షిమానో డీలర్ దగ్గర పరీక్ష చేయించాకే డబ్బు కట్టండి. 105 క్రాంకులకి ఆ పేచీ లేదు.

వైరా, బ్యాటరీనా

స్రామ్ రైవల్ ఏఎక్స్‌ఎస్ 2021లో, షిమానో 105 డీఐ2 2022లో, స్రామ్ ఏపెక్స్ ఏఎక్స్‌ఎస్ 2023లో వచ్చాయి. ఎలక్ట్రానిక్ గేర్లు ఇప్పుడు పోటీదారులకే పరిమితం కాదు. వాటిలో వైరు లాగుడు గోల ఉండదు, మోటారే కదులుతుంది. స్రామ్‌లో రెండు డీరైలర్లకీ విడి బ్యాటరీలు, అసలు తీగే ఉండదు. షిమానో 12 స్పీడ్‌లో లీవర్ల నుంచి సంకేతం గాలిలో పోతుంది కానీ, రెండు డీరైలర్లూ సీట్ గొట్టంలోని బ్యాటరీకి తీగతో కలుస్తాయి. చార్జింగ్ వెనక డీరైలర్ దగ్గర.

ఎంచుకోవడానికి మా కొలమానం ఫ్రేమే. కొత్త ఫ్రేమ్‌లు చాలావాటిలో తీగలన్నీ హ్యాండిల్ లోపలి నుంచి హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగ్) గుండా పోతాయి. అన్ని వంపులు తిరిగే గేరు వైరుకి రాపిడి ఎక్కువై గేరు బరువెక్కుతుంది. బేరింగ్ మార్చాలన్నా వైర్లు, హోస్‌లు ఊడదీయాలి. అలాంటి ఫ్రేమే కావాలంటే ఎలక్ట్రానిక్‌కి వెళ్లండి. మెకానికలే కావాలంటే గేరు వైర్లు బయటి నుంచి వచ్చి ఫ్రేమ్ కింది గొట్టంలోకి దిగే ఫ్రేమ్ వెతకండి. దూరప్రయాణాలు చేసేవాళ్లకి, పెద్ద నగరానికి దూరంగా ఉండేవాళ్లకి మా ఓటు మెకానికల్‌కే. 105 ఆర్7100 మెకానికల్ 12 స్పీడ్, హైడ్రాలిక్ బ్రేకులు, 11-34 లేదా 11-36 క్యాసెట్: కొత్తగా కట్టే సైకిల్‌కి ఇంతకన్నా ఎక్కువ అవసరం చాలా తక్కువమందికి ఉంటుంది. బడ్జెట్ అంతకి రాకపోతే పూర్తి క్యూస్ సెట్ వేసి, మిగిలిన డబ్బు టైర్ల మీద పెట్టండి.

హ్యాండిల్ వెడల్పు మీ భుజాల వెడల్పుకి దగ్గరగా ఉంటే చాలు. చేతులు చిన్నవైతే లీవర్ దగ్గరికి జరిపే మర ఉందో లేదో చూడండి.

బిగించేటప్పుడు

మొదట హ్యాంగర్ నిటారుగా ఉందో లేదో గేజ్‌తో చూడాలి. కొత్త ఫ్రేమ్‌లోనూ రవాణాలో వంగి ఉండొచ్చు. అది వంగి ఉంటే పైన చేసే పనంతా దండగ. డీరైలర్‌ని 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, క్యాసెట్ లాక్‌రింగ్‌ని 40తో బిగించండి. షిమానో క్రాంక్‌కి ఎడమ చేయి తొడిగి, ప్లాస్టిక్ టోపీని వేళ్ల బలంతోనే, అంటే 0.7 నుంచి 1.5 వరకే బిగించి, పక్కనున్న రెండు బోల్టులని మార్చి మార్చి 12-14కి తీసుకురావాలి. ఒక బోల్టు పూర్తిగా బిగించి రెండోది వదులుగా వదిలేస్తే కొన్ని రోజులకి చేయి ఊగి, ఇరుసు పళ్లు అరిగిపోతాయి.

చైను పొడవుకి: డీరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం మీదుగా చుట్టి, కలిసే చోటికి రెండు లింకులు కలపండి. ముందు డీరైలర్ పంజరం బయటి రేకు పెద్ద చక్రం పళ్లకి 1 నుంచి 3 మి.మీ. పైన, దానికి సమాంతరంగా ఉండాలి.

గేరు ఔటర్ (వైరు బయటి తొడుగు), బ్రేకు ఔటర్ ఒకటి కావు. గేరుది 4 మి.మీ., లోపల ఉక్కు తీగలు నిలువుగా ఉంటాయి, అందుకే నొక్కుకుపోదు. బ్రేకుది 5 మి.మీ., తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది. బ్రేకు ఔటర్‌లో గేరు వైరు వేస్తే గేర్లు తప్పుతాయి, అంతే. గేరు ఔటర్‌లో బ్రేకు వైరు వేస్తే మాత్రం గట్టిగా నొక్కినప్పుడు ఔటర్ చీలి బ్రేకే పోవచ్చు. ఔటర్ కోశాక కొసని ఆకురాయితో చదును చేసి, లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోతే సూదితో తెరిచి, టోపీ తొడగాలి. కొత్త సెట్‌లో గేరు బరువుగా పడుతోందంటే మొదట అనుమానించాల్సింది ఈ కొసనే.

వైరు కట్టకముందే హెచ్, ఎల్ అని రాసి ఉన్న రెండు హద్దు మరలు సరిచేయండి. హెచ్‌తో చైను చిన్న చక్రానికి తిన్నగా రావాలి. ఎల్ వదులుగా ఉంటే ఘాట్ మీద తేలిక గేరు వేసిన క్షణాన డీరైలర్ చువ్వల్లోకి పోతుంది, కాబట్టి చేత్తో డీరైలర్‌ని లోపలికి నెట్టి అది పెద్ద చక్రం దగ్గర ఆగుతుందో లేదో చూసుకోవాలి. తర్వాత లీవర్‌ని చిన్న చక్రం గేరులో ఉంచి, బ్యారెల్ అడ్జస్టర్ (వైరు బిగువు సర్దే మర) పూర్తిగా లోపలికి తిప్పి ఒక చుట్టు బయటికి తెచ్చి, వైరుని చేత్తో లాగి 6-7 న్యూటన్ మీటర్లతో బిగించండి. పెద్ద చక్రాల వైపు ఎక్కడానికి తడబడితే వైరు వదులుగా ఉన్నట్టు, బ్యారెల్‌ని అపసవ్యంగా పావు చుట్టు తిప్పండి. చిన్న చక్రాల వైపు దిగడానికి తడబడితే సవ్యంగా తిప్పాలి. పైన పెద్ద చక్రం మీద ఉన్నప్పుడు పై పుల్లీకీ (డీరైలర్‌లో చైను తిరిగే చిన్న చక్రం) ఆ పెద్ద చక్రానికీ మధ్య 5-6 మి.మీ. సందు ఉండేలా బీ మర సర్దాలి.

డిస్క్ బ్రేకులకి కొత్త ప్యాడ్లు వేశాక గంటకి 20 కి.మీ. వేగం నుంచి నెమ్మదిగా దాదాపు ఆగేదాకా, చక్రం లాక్ కాకుండా, ఒక 20 సార్లు నొక్కండి. దీన్ని వదిలేస్తే ప్యాడ్లు కీచుమంటాయి, సగం బలమే ఇస్తాయి. చైను నూనె స్ప్రే డబ్బాతో కొట్టొద్దు. ఆ తుంపర డిస్క్ మీద పడితే ప్యాడ్లు మార్చడం తప్ప వేరే దారి ఉండదు.

మొదటి వంద, రెండొందల కిలోమీటర్లకి ఔటర్లు సర్దుకుని వైరు కొంచెం వదులవుతుంది. బ్యారెల్ అర చుట్టు తిప్పితే సరిపోతుంది. ఆ తర్వాత నెలలకొద్దీ బాగా నడిచిన షిమానో మెకానికల్ లీవర్‌లో గేరు ఉన్నట్టుండి తడబడడం మొదలైతే, రోజూ బ్యారెల్ తిప్పాల్సి వస్తుంటే, కారణం సాధారణంగా లీవర్ లోపలే ఉంటుంది. వైరు గుండు (కొసన ఉండే లోహపు ముద్ద) పక్కన, పదునుగా వంగే చోట, పోగులు ఒక్కొక్కటిగా తెగుతుంటాయి. లీవర్‌ని చిన్న చక్రం గేరుకి తెచ్చి, రబ్బరు కవర్ మడిచి, వైరుని కొంచెం బయటికి తోసి చూడండి. ఒక్క పోగు తెగి కనిపించినా ఆ రోజే మార్చాలి. పూర్తిగా తెగితే గుండు లీవర్ లోపల ఇరుక్కుని, కొన్నిసార్లు లీవర్ మొత్తం విప్పాల్సి వస్తుంది. ఎక్కువ తొక్కేవాళ్లు ఏడాదికోసారి వెనక గేరు వైరు మార్చేయాలి. రోడ్ షిఫ్టర్‌కి సరిపోయే గుండు ఉన్న 1.2 మి.మీ. వైరు మామూలు సైకిల్ షాపులో దొరకదు, ఒకటి సీటు కింద సంచిలో ఉంచుకోండి.